గరుకు వెండి మీద పీహెచ్‌డీనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు పేరుతో వెండిని గరుకు చేసి దాని మీద లేజర్ వేస్తోంది. 'సెర్స్' అంటుంది. అందులోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బావమరిది కొడుకు డేటా సైన్స్ కోర్సు చేశాడు. ఈమెనూ అందులో చేర్పించనా? రెండూ పోల్చి చెప్పండి. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, నాకొచ్చే ఉత్తరాల్లో ఊళ్లు మారతాయి గానీ బావమరిది కొడుకు మాత్రం తప్పకుండా ఉంటాడు. మీ అసలు టెన్షన్ కోర్సు గురించి కాదు. అమ్మాయి ఏం చదువుతోందో నలుగురికీ చెప్పుకోలేకపోతున్నారు. ముందు అది తీరుస్తాను.

అణువు మీద లేజర్ పడితే కాంతి చెదురుతుంది. కోటి ఫోటాన్లలో (కాంతి రేణువుల్లో) ఏ ఒక్కటో రంగు మార్చుకుని వస్తుంది. ఆ మార్పును బట్టి అది ఏ అణువో చెప్పొచ్చు. 1928లో సి.వి. రామన్ కలకత్తాలో కనిపెట్టింది ఇదే. చిక్కల్లా, ఆ కాంతి మరీ బలహీనం. 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్ బృందం వెండి ఎలక్ట్రోడ్‌ను గరుకు చేసింది. వైశాల్యం పెరిగితే పిరిడిన్ అనే రసాయనం అణువులు ఎక్కువగా అంటుకుంటాయని వాళ్ల ఆలోచన. సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది, కానీ కారణం అది కాదు. 1977లో అమెరికాలో వాన్ డైన్, జీన్‌మేర్, ఇంగ్లండ్‌లో ఆల్బ్రెక్ట్, క్రైటన్ లెక్క తీస్తే ఒక్కో అణువు సిగ్నలే సుమారు లక్ష రెట్లు పెరిగిందని తేలింది. వెండిలోని ఎలక్ట్రాన్లు లేజర్‌తో పాటు ఊగుతాయి. గరుకు కొనల దగ్గర, సన్నని సందుల్లో కాంతి తాలూకు విద్యుత్ క్షేత్రం విపరీతంగా బలపడుతుంది. వచ్చే కాంతీ, తిరిగి వెళ్లే కాంతీ రెండూ పెరుగుతాయి కాబట్టి క్షేత్రం పది రెట్లయితే సిగ్నల్ దాదాపు పదివేల రెట్లవుతుంది. మీ అమ్మాయి చెప్పే 'సెర్స్' (సర్ఫేస్ ఎన్‌హాన్స్‌డ్ రామన్ స్కాటరింగ్) ఇదే. 1997కల్లా ఒకే ఒక్క అణువును పట్టుకున్నారు. పండ్ల మీద పురుగుమందు, పేలుడు పదార్థాల జాడ పట్టడానికి ఇప్పుడు ఇదే వాడుతున్నారు. ఆ పేలుడు పదార్థాల పని మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ జరుగుతోంది. ఇక బంధువులకు ధైర్యంగా చెప్పండి.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు. ఆరు నెలల్లో ఉద్యోగం అని లక్షలు గుంజే కోర్సుల మీదే అనుమానం. మూడు టూల్స్ పేర్లు నేర్చుకుని, లెక్కల పునాది లేక ఇంటర్వ్యూలో నీళ్లు నమిలిన పిల్లల్ని చాలామందిని చూశాను. అసలు మీ అమ్మాయికి రేపు వేల స్పెక్ట్రాలు (చెదిరిన కాంతి గ్రాఫులు) పోల్చాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్ ఎలాగూ కావాలి. అక్కడే నేర్చుకుంటుంది, అదీ సొంత డేటాతో. ఇష్టపడి చదివే పిల్లను పక్కింటి జీతం చూసి లాగేయడం మాత్రం తప్పండీ. కటువుగా ఉంటే క్షమించండి.

సెర్స్‌లోనూ లొసుగుంది. ఒకచోట అదిరిపోయే సిగ్నల్ పక్కనే మాయమవుతుంది, నిన్న వచ్చింది ఇవాళ రాదు. 'సెర్స్ నిపుణులు కావలెను' అని ప్రకటనలూ పడవు. అయినా స్పెక్ట్రోస్కోపీ, నానో కణాల తయారీ చేతికొస్తాయి. ముడిసరుకును రామన్ పరికరంతో పరీక్షించే ఫార్మా కంపెనీలున్నాయి. జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. మిమ్మల్ని రూపాయి అడగదు.

చూసుకోవాల్సింది గైడును. రామన్ పరికరం సొంత ల్యాబులో ఉందా, వేరే డిపార్ట్‌మెంట్‌లో క్యూ కట్టాలా? సీనియర్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు? ఈ రెండూ కనుక్కుని మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.