అడ్వాన్స్ తీసుకుని చెడిపోయిన మిషన్ పంపితే?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ట్రాక్టర్ మాదే. చెనక్కాయ ఆడించే మిషన్ కోసం పత్తికొండ వైపు ఒకాయనకు ఫోన్‌పేలో రూ.5,000 అడ్వాన్స్ వేసినా. బాడుగ గంటకు రూ.1,400 అన్నాడు. చెప్పిన దినం పంపలేదు. రెండు దినాలు తడవు చేసి పంపితే, జల్లెడ వంగి కాయంతా పగిలిపాయ. ఆ రాత్రి వానకు వామి తడిసింది. వేరే మిషన్‌కు గంటకు రూ.2,000 ఇచ్చి 9 గంటలు ఆడించుకున్నా. అడ్వాన్స్ అడిగితే 'రశీదులోనే రాసుంది, వాపసు లేదు' అంటున్నాడు.
- ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, అడ్వాన్స్ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. మాట తప్పింది ఆయన. రశీదు మీద ఏం అచ్చేసుకున్నా, తన తప్పుకు మీ డబ్బు మింగే హక్కు ఆయనకు రాదు. 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద బాడుగలో తేడా రూ.5,400 కూడా అడగండి. వెంటనే వేరే మిషన్ తెచ్చుకోవడం చాలా మంచిదైంది. నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేశారా లేదా అని కోర్టు తప్పకుండా చూస్తుంది.

పగిలిన కాయకు అదే చట్టంలో 150వ సెక్షన్ ఉంది. బాడుగకిచ్చిన వస్తువులో లోపం తనకు తెలియదన్నా యజమాని తప్పించుకోలేడు. పగిలిన కాయ ఒక సంచి పక్కన పెట్టండి, అమ్మేయకండి.

వాన నష్టం రాబట్టడమే కష్టం. 'మబ్బు పట్టింది, తొందరగా పంపు' అని ఆయనకు ముందే వాట్సాప్‌లో వాయిస్ పెట్టి ఉంటే అదే మీ బలం. ఆ ఫోన్ మార్చకండి. తడిసిన కాయకు ధర తగ్గించిన మార్కెట్ చీటీ దాచండి.

మిషన్ ఇంకా మీ కళ్లంలోనే ఉంటే డబ్బిచ్చేదాకా కట్టేసుకోవద్దు, మీ మీదే కేసు పెడతాడు. ఫోటో తీసి, సంతకం తీసుకుని అప్పగించండి.

తర్వాత 15 రోజుల గడువుతో రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పలకకపోతే అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ఆయనది కర్నూలు జిల్లా అయినా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న చోటే ఫిర్యాదు చేయొచ్చు. సొంత జీవనోపాధికి తీసుకున్నది కాబట్టి 'ఇది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు' అని తోసేయలేరు. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదు చేయడానికి గడువు 2 ఏళ్లు. ఈలోగా ఆయన రూ.5,000 చేతిలో పెట్టి 'లెక్క తీరింది' అని కాగితం మీద సంతకం అడిగితే మాత్రం పెట్టకండి.