యోనా పేరున్న డెన్మార్క్ గాయకుడు

‘చర్చి పాట కాకపోయినా మిమ్మల్ని ప్రార్థనలో కూర్చోబెట్టిన సంగీతం ఏది?’ అని అడిగారు. నాకు ఆలోచించే పనే లేదు. హిమ్స్ ఫ్రమ్ నీనెవె. డెన్మార్క్ గాయకుడు యోనాస్ పీటర్సన్ ఆ పేరుతో పాడతాడు. 2011లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు కూడా అదే. ఇండీ ఫోక్ (జానపద బాణీలో సొంతంగా కట్టుకునే పాట) అంటారు గానీ నాకైతే అవి కీర్తనలే.

నేను కోపెన్‌హాగన్‌లో చదువుకునే రోజులు. డిసెంబర్‌లో అక్కడ మధ్యాహ్నం మూడున్నర దాటితే పొద్దుగూకిపోతుంది. ఆ రోజు గుంటూరులో నాన్నకు ఆపరేషన్. ఇంటి నుంచి ఫోన్ లేదు. హాస్టల్ వంటింట్లో అన్నం పొయ్యి మీద పెట్టి ఫోన్ వంకే చూస్తున్నాను. పక్క గది కుర్రాడు గిన్నెలు కడుక్కుంటూ ఈ ఆల్బమ్ పెట్టాడు. మొదట గిటార్, చెవిలో చెప్పినంత మెల్లగా ఒక గొంతు. తర్వాత వయొలిన్లు వచ్చి చేరాయి, ఇంకొన్ని గొంతులు కలిశాయి. మా లూథరన్ గుడిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఎత్తుకున్నప్పుడూ అంతే, ముందు వరసలో ఒక పెద్దావిడ ఒక్కతే మొదలుపెట్టేది, రెండో చరణానికి గుడంతా అందుకునేది. నాకు ఏడుపొచ్చేసింది. అన్నం అడుగంటిన సంగతి మాడు వాసన వస్తే గానీ తెలియలేదు. ఫోన్ ఆరింటికి వచ్చింది, నాన్న క్షేమం.

యోనాస్ అంటే బైబిల్లోని మన యోనాయే. దేవుడు నీనెవె పట్టణానికి వెళ్లమంటే ఓడెక్కి పారిపోయినవాడు, సొరచెట్టు ఎండిపోయిందని దేవుడి మీదే అలిగినవాడు. ఆ పేరున్నవాడు, పైగా నీనెవెనే తలకెత్తుకున్నవాడు, ఉత్త స్తుతితో సరిపెట్టడని నా గట్టి నమ్మకం. ఇప్పుడు మన ఆరాధనల్లో కీబోర్డు, ప్యాడ్స్, చెవులు దిమ్మెక్కే ఎకో. దిగులుతో వచ్చినవాడు దిగులుగా కూర్చోవడానికి రెండు నిమిషాలు కూడా ఇవ్వరు. ఇది నాకు నిజంగా బాధ.

దిగులుకు చోటిచ్చే ఈ గుణం డెన్మార్క్ వాళ్లకు కలిసి పాడే అలవాటు నుంచే వచ్చిందంటాను. 2003లో వచ్చిన వాళ్ల కీర్తనల పుస్తకంలో 791 కీర్తనలున్నాయి, పందొమ్మిదో శతాబ్దపు పాస్టరు, కవి గ్రుంట్‌విగ్ రాసినవే బోలెడు. చలికాలం చీకట్లో తరతరాలుగా అవి పాడుకున్నవాళ్లకే వయొలిన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. పోయినేడు నాన్నకు ఇయర్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. ఆయనకు ఇంగ్లీషు పెద్దగా రాదు. రెండో పాటకే మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేస్తూ, ‘ఎవర్రా ఈ అబ్బాయి, ఏ సంఘం?’ అని అడిగారు.