షుగరు, థైరాయిడ్, కొలెస్ట్రాల్: మూడు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి

ప్రశ్న: డాక్టరుగారూ, మాది పర్లాకిమిడి. నాకు 48 ఏళ్లు, చాలాకాలంగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, బరంపురంలో చూపించుకుంటాను. కొన్ని నెలలుగా ఒకటే నీరసం, ముఖం ఉబ్బరం, మలబద్ధకం, జుట్టు ఊడిపోతోంది. శ్రీకాకుళంలో మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు అక్కడ పరీక్షలు చేయించాం. టీఎస్‌హెచ్ 16.2, ఫ్రీ టీ4 తక్కువ. మొత్తం కొలెస్ట్రాల్ 262, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 176, ట్రైగ్లిజరైడ్లు 240, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38. మూడు నెలల షుగరు (హెచ్‌బీఏ1సీ) 7.9. థైరాయిడ్ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర రెండూ రాశారు, నేనింకా ఏదీ మొదలుపెట్టలేదు. నూనె దాదాపు మానేశాను, గుడ్డు ముట్టను. పొద్దున మరమరాలు, మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం), బంగాళదుంప వేపుడు కొంచెం, రాత్రి అన్నం, అంతే. అయినా కొలెస్ట్రాల్ ఎందుకు పెరిగింది? ఇంట్లోవాళ్లు ఇన్ని మాత్రలు వద్దంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు నోరు కట్టుకోలేక తెచ్చుకున్న జబ్బు కాదిది, ముందు ఆ బాధ తీసేయండి. మీ ఎల్‌డీఎల్ 176కి పెద్ద కారణం చాలావరకు థైరాయిడే. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి తీసుకునే గ్రాహకాలు కాలేయం కణాల మీద ఉంటాయి, అవి సరిపడా తయారవ్వాలంటే థైరాయిడ్ హార్మోన్ కావాలి. అది తగ్గితే గ్రాహకాలు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే హార్మోన్, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది. ఇది మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి, మీకు 16 దాటింది, పైగా థైరాయిడ్ హార్మోనైన టీ4 కూడా తక్కువ, కాబట్టి దీన్ని కొన్నాళ్లు చూద్దాంలే అని వదలడానికి లేదు. మీరు చెప్పిన నీరసం, ఉబ్బరం, మలబద్ధకం, జుట్టు ఊడటం అన్నీ దీనికి సరిపోయే లక్షణాలే.

అయితే అదే రిపోర్టులో షుగరు చేసిన పని కూడా కనిపిస్తోంది. ట్రైగ్లిజరైడ్లు 240, హెచ్‌డీఎల్ 38, ఈ జోడీ షుగరు ఉన్నవాళ్లలో మేం తరచూ చూసేదే. ఇన్సులిన్ మాట శరీరం సరిగా విననప్పుడు కొవ్వు కణాల్లోంచి కొవ్వు ఆమ్లాలు ఆగకుండా కాలేయానికి చేరతాయి, కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా కట్టి మళ్లీ రక్తంలోకి పంపుతుంది. ఆడవాళ్లకు హెచ్‌డీఎల్ 50కి పైన, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. థైరాయిడ్ తగ్గినా ట్రైగ్లిజరైడ్లు కొంత పెరుగుతాయి కాబట్టి మీ విషయంలో రెండూ కలిసి దెబ్బ కొట్టాయి.

ఇక తిండి. నూనె మానేసి ఆ ఆకలి తీర్చుకోవడానికి మరమరాలు, పఖాళ, మళ్లీ అన్నం తింటే కాలేయం ఆ పిండిపదార్థాన్నే కొవ్వుగా మార్చి పెడుతుంది. పఖాళ గిన్నెలో నీళ్లు ఎక్కువ కనిపిస్తాయి గానీ అడుగున ఉన్న అన్నం వడకట్టి కంచంలో పెట్టుకుని చూడండి, ఎంతుందో తెలుస్తుంది. మొత్తం మానమనడం లేదు, వేసవిలో మీ వైపు అది లేకుండా పూట గడవదని నాకు తెలుసు. అన్నం సగం చేసి, బంగాళదుంప బదులు ఆకుకూరో చేపో పెట్టుకోండి, పప్పు చిక్కగా వండుకోండి. గుడ్డు తినొచ్చు. చోడి (రాగి) అంబలి మంచిదే కానీ దాన్లోనూ పిండి ఉంది, చెంబుల కొద్దీ తాగేది కాదు.

మాత్రల సంగతికి వస్తాను. థైరాయిడ్ మాత్ర, అంటే థైరాక్సిన్, మొదలుపెట్టండి, ఆలస్యం చేయకండి. పొద్దున్నే ఖాళీ కడుపున ఒక్క నీళ్లతోనే వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకు టీ కూడా వద్దు. టీతో కలిపి వేసుకుని, దాంతోపాటే కాల్షియం, ఐరన్ మాత్రలు కూడా మింగేసి, డోసు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ దిగడం లేదని వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. కాల్షియం, ఐరన్‌లకు దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మీకు ఎప్పుడైనా గుండెనొప్పి వచ్చి ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పండి, అప్పుడు చాలా తక్కువ డోసుతో మొదలుపెడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి, అది దారికి వచ్చాక కొలెస్ట్రాల్ పరీక్ష మళ్లీ చేయించాలి.

కొలెస్ట్రాల్ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. థైరాయిడ్ బాగా తక్కువగా ఉన్నప్పుడు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వేస్తే కండరాల నొప్పులు వచ్చే ముప్పు ఎక్కువ, అందుకని కొందరు డాక్టర్లు ముందు థైరాయిడ్ సరిచేస్తారు. అలాగని ఆ మాత్ర ఇక అక్కర్లేదనుకోకండి. థైరాయిడ్ సర్దుకుంటే ఎల్‌డీఎల్ దిగుతుంది, కానీ షుగరు వల్ల వచ్చే గుండె ముప్పు అలాగే ఉంటుంది. షుగరు ఉండి 40 దాటినవాళ్లకు స్టాటిన్ సాధారణంగా సిఫార్సు చేస్తారు, ఇతర ముప్పులు కూడా ఉంటే ఎల్‌డీఎల్ 70 లోపు ఉంచాలంటారు. వాడేటప్పుడు తొడలు, భుజాలు బాగా నొప్పి పెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అదే రోజు వెళ్లి చూపించండి.

మీ షుగరు డాక్టరు బరంపురంలో, థైరాయిడ్ పరీక్ష శ్రీకాకుళంలో. సరిహద్దులో ఉన్న మనవాళ్లకు ఇది మామూలే, కానీ ఈ డాక్టరు చూసింది ఆ డాక్టరుకు తెలీదు. నాకు అన్నిటికంటే టెన్షన్ ఇక్కడే. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి రెండు చోట్లా చూపించండి. మందుల ఖర్చు గురించి బెంగపడుతుంటే, ఒడిశాలో నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు, మీ మందులు ఆ జాబితాలో ఉన్నాయేమో అక్కడ అడగండి.

ప్రశ్న: మాది గుణుపురం. మా నాన్నగారికి 62 ఏళ్లు. మందు పెంచినా షుగరు దిగడం లేదు. బాగా తింటున్నారు, అయినా చిక్కిపోతున్నారు, చేతులు వణుకు, గుండె దడ. కొలెస్ట్రాల్ మాత్రం ఏ మందూ లేకుండానే 118కి దిగింది. మంచిదే కదా?

జవాబు: తమ్ముడూ, ఆ 118 చూసి సంతోషపడకండి. మందు లేకుండా కొలెస్ట్రాల్ అలా పడిపోవడం, తింటున్నా చిక్కిపోవడం, దడ, వణుకు అన్నీ కలిపి చూస్తే థైరాయిడ్ ఎక్కువైందేమోనని అనుమానించాలి. అప్పుడు కాలేయం గ్లూకోజు ఎక్కువ వదులుతుంది, ఇన్సులిన్ త్వరగా ఖర్చైపోతుంది, అందుకే షుగరు మందు ఎంత పెంచినా చాలదు. ఈ వారంలోనే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించండి, ఈసీజీ కూడా తీయించండి, ఎందుకంటే ఈ వయసులో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు రెండు రోజులైనా ఆపాలి, లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. థైరాయిడ్‌కు మందు పడ్డాక షుగరు దిగడం మొదలవుతుంది, అప్పుడు షుగరు మందు ఇప్పటి డోసే ఎక్కువై, షుగరు మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు, కాబట్టి ఆ రోజుల్లో ఇంట్లో గ్లూకోమీటరుతో తరచూ చూస్తూ ఉండండి.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. నాకు సికిల్‌సెల్ జబ్బు ఉంది. మూడు నెలల షుగరు 5.2 అని వచ్చింది, భోజనం చేసిన రెండు గంటలకు చూస్తే 240 ఉంటోంది. ఏది నమ్మాలి?

జవాబు: 240ని నమ్మండి. మూడు నెలల పరీక్ష కొలిచేది ఎర్ర రక్తకణాలకు పట్టిన చక్కెరనే. సికిల్‌సెల్ జబ్బులో ఆ కణాలు త్వరగా చచ్చిపోతాయి, వాటికి చక్కెర పట్టేంత సమయం ఉండదు, అందుకే మూడు నెలల పరీక్ష తక్కువ చూపిస్తుంది. పరగడుపున ఒకసారి, తిన్నాక రెండు గంటలకు ఒకసారి ల్యాబులో రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టరు అవసరమనుకుంటే ఫ్రక్టోజమైన్ (రెండు మూడు వారాల షుగరు చెప్పే) పరీక్ష రాస్తారు. ల్యాబులో రక్తం ఇచ్చేటప్పుడే సికిల్‌సెల్ ఉందని చెప్పండి, చీటీ మీద కూడా రాయించండి.