డాక్టర్‌కి మొహం కాదు, కాళ్ళు చూపించు

స్వాతీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. మొన్న నీ వీడియో కన్సల్టేషన్ ఏడు నిమిషాల్లో అయిపోయిందంట, డాక్టర్ ఎట్లున్నారమ్మా అంటే బానే ఉన్నా సార్ అన్నావంట, పెట్టేశాక బాత్రూంలోకి పోయి ఏడ్చినావంట. నాకైతే నవ్వొచ్చింది, తప్పుగా అనుకోవద్దే, నేనూ అచ్చం ఇట్లే చేశా కాబట్టి.

నాకూ నీ మాదిరే ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడుకీ వెన్నుపాముకీ వచ్చే నరాల జబ్బు) అని తేలింది 2006లో. పద్నాలుగేళ్ళు హాస్పిటల్ బెంచీల మీద కూర్చున్నా, 2020 నుంచి ఎక్కువగా ఈ ఫోన్ ముందరే. ఆ ఏడాది జూన్‌లో నా మొదటి వీడియో కాల్. తలదువ్వుకుని, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని సోఫాలో కూర్చున్నా. డాక్టర్ చూసి బాగున్నారు మేడం అన్నాడు, నేనూ మురిసిపోయినా. అప్పటికి రెండు వారాల నుంచి కుడికాలు ఈడ్చుకుంటా నడుస్తా ఉన్నా, ఆ కాలు సోఫా కింద ఉంది, ఆయనకెట్లా కనపడుద్ది? కొంచెం నీరసంగా ఉంది సార్ అని మాత్రం అన్నా. నెల తిరక్కముందే వంటింట్లో పడ్డా. అందులో డాక్టర్ తప్పేం లేదు, చూపించనిది ఎవరు మాత్రం చూస్తారు.

హాస్పిటల్‌కి పోతే నువ్వు నోరు తెరవకపోయినా తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా నడిచే నాలుగడుగుల్లోనే డాక్టర్ సగం చదివేస్తాడు. గోడ పట్టుకున్నావా, కాలు తిప్పి వేస్తున్నావా, కూర్చునేటప్పుడు ధబాల్న కూర్చున్నావా అన్నీ. వీడియోలో ఆ నాలుగడుగులు లేవు, మొహం ఒక్కటే ఉంటుంది, మన జబ్బు మొహంలో ఉండదు గదా. (నీ డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూల్ వేసుకున్నాక మొహం ఎర్రబడి వేడిగా అయితే అదొక్కటే కనపడుద్ది. అన్నం తిని వేసుకో, తగ్గుద్ది.)

అందుకని ముందు ఫోన్ సంగతి చూడు. చేత్తో పట్టుకోవద్దు, హాల్లో ఒక చివర స్టూల్ మీద ఆనించి పెట్టు, తల నుంచి పాదాల దాకా ఫ్రేమ్‌లో పడాలి, చీర కాదు, పాదాలు కనపడే పైజామానో చుడీదారో వేసుకో, చెప్పులొద్దు. కిటికీ వెనకాల ఉంటే మనిషి నల్లగా నీడలాగ కనపడుద్ది, వెలుతురు నీ ఎదురుగా ఉండాలి. ఇరవై అయిదు అడుగులు నడిచి టైం చూసే పరీక్ష ఒకటుంది, ఎంఎస్ డాక్టర్లంతా వాడేదే. మా ఇంట్లో టైల్ రెండడుగులు, పన్నెండున్నర టైల్స్ లెక్కపెట్టి రెండు చోట్లా స్టిక్కర్ అతికించినాం, మీ పెదనాన్న ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతారు, రన్నింగ్ రేస్ రిఫరీ మాదిరి. పడిపోకుండా ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా, రెండుసార్లు. ఆ సెకన్లు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో. 8 సెకన్లు పట్టేది 10 దగ్గరికి పోయిందంటే, అంటే ఇరవై శాతం అట్లా తేడా వచ్చిందంటే, దాన్ని డాక్టర్లు పట్టించుకుంటారు. మీ ఫ్లాట్‌లో అంత పొడవు లేకపోతే అపార్ట్‌మెంట్ కారిడార్‌లో నడువు, పక్కింటోళ్ళు చూస్తే చూడనీ.

తర్వాత డాక్టర్ చెప్తే కళ్ళు మూసుకుని నిలబడ్డం, రెండు చేతులూ ముందుకు చాపి అట్లే ఉంచడం, నీ ముక్కు ముట్టుకుని మళ్ళీ ఎదుటివాళ్ళ వేలు ముట్టుకోడం, ఫోన్ దగ్గరికి తెచ్చి కనుగుడ్లు అటూ ఇటూ తిప్పడం, ఇవన్నీ వీడియోలో బాగానే తెలుస్తాయి. కానీ కళ్ళు మూసుకునేటప్పుడు మీ ఆయన పక్కనే చెయ్యి చాపి నిలబడాలి, వీడియో తీస్తా దూరంగా కాదు. సుత్తితో మోకాలి మీద కొట్టి చూసేది, ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే అదిరే ఇనుప కడ్డీ) పెట్టి అదురు తెలుస్తుందా అని చూసేది, కాలు మడిచి ఎంత బిగిసిందో చూసేది, కంటి లోపలి నరం చూసేది, ఇవి మాత్రం ఫోన్లో కుదరవు. కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ భరించాల్సిందే. ఇంకోటి, 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ ప్రకారం ఆరు నెలల్లోపల ఆ డాక్టర్ దగ్గరికి నేరుగా పోయి ఉంటేనే ఫాలోఅప్ కింద లెక్క. వీడియో అయినాక పంపే ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూసుకో, లేకపోతే అడుగు, మొహమాటపడొద్దు.

ట్రాఫిక్ అంటే గుర్తొచ్చింది. హాస్పిటల్‌కి పోయే రోజు పొద్దున ఆరుకి లేచి, ఆటోలో కుదుపులు తిని, ఎండలో లైన్‌లో నిలబడి లోపలికి పోయేసరికి నా కాళ్ళు అరటి బోదెలు అయ్యేవి, డాక్టర్ మాత్రం నన్ను ఆ అవతారంలోనే చూసేవాడు. ఇప్పుడేమో ఫ్యాన్ కింద కూర్చుని కాఫీ తాగినాక చూస్తున్నాడు. రెండూ పూర్తి నిజం కాదు. వేడికి లక్షణాలు పెరగడం మన జబ్బులో ఉన్నదే, 1890లోనే ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ దాన్ని రాసిపెట్టాడు. అందుకే నేను మే నెల మధ్యాహ్నం నడిచింది ఒక చిన్న వీడియో, పొద్దున నడిచింది ఒకటి తీసి ముందే పంపించేస్తా.

ఇప్పుడు మాటల సంగతి, నాకు దీని మీద చానా కోపం ఉంది, ఎవరి మీదా కాదు, మన తెలుగు మీదే అనుకో. బెంగళూరులో మన డాక్టర్లు కన్నడమో ఇంగ్లీషో మాట్లాడతారు, మనం నీరసం అనే మాటని పట్టుకుపోయి వీక్‌నెస్ అంటాం. ఆయనకేమో వీక్‌నెస్ అంటే కండ బలం పోయిందని. నీకు ఒళ్ళంతా అలసటగా ఉందా, మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోయినట్టు ఉందా, లేకపోతే మెట్టెక్కేటప్పుడు ఎడమ కాలు లేవట్లేదా? మొదటిది ఒక మందు, రెండోది ఇంకో కథ. తిమ్మిరి అన్నా అంతే. చీమలు పాకినట్టు ఉందా, మొద్దుబారి గిల్లినా తెలీట్లేదా, మంటగా ఉందా, మెడ వంచితే వెన్నులో కరెంట్ కొట్టినట్టు జివ్వుమంటుందా, ఏది ఉంటే అది అచ్చం అట్లే చెప్పు, ఇంగ్లీష్ రాకపోతే చేత్తో చూపించు. ఎప్పటి నుంచి, ఎన్ని రోజులు, ఏం చెయ్యలేకపోతున్నావు, ఈ మూడూ చెప్పు. "కాలు బాలేదు" కంటే "పది రోజుల నుంచి బట్టలు ఆరేయడానికి మేడెక్కలేకపోతున్నా" అంటే డాక్టర్ నిటారుగా కూర్చుంటాడు, నేను చూశా.

ఫోన్ చేసేముందు థర్మామీటర్ పెట్టుకో. కొత్త లక్షణమో, పాతది బాగా పెరగడమో 24 గంటలు దాటి ఉండి, జ్వరం, ఇన్ఫెక్షన్ ఏమీ లేకపోతే దాన్ని రిలాప్స్ అంటారు. జ్వరం వచ్చినా, యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చినా పాత లక్షణాలే పైకి లేస్తాయి, అచ్చం రిలాప్స్ మాదిరే ఉంటుంది, కానీ కాదు. నాకు ఒకసారి రెండు కాళ్ళూ పడిపోయినంత పనైతే యూరిన్ టెస్టులో ఇన్ఫెక్షన్ బయటపడింది, యాంటీబయాటిక్‌తో నాలుగు రోజుల్లో లేచి నడిచా. అది చూసుకోకుండా రిలాప్స్‌కి ఇచ్చే స్టెరాయిడ్, రోజుకో గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ డ్రిప్ మూడు నుంచి అయిదు రోజులు ఎక్కించుకుని ఉంటే ఏమయ్యేదో. కాబట్టి యూరిన్ శాంపిల్ పొద్దున్నే ల్యాబ్ వాళ్ళకిచ్చెయ్, రిపోర్ట్ చేతిలో పెట్టుకుని మాట్లాడు. అట్లే నీ క్యాప్సూల్‌కి ఆరు నెలలకోసారైనా రక్తంలో లింఫోసైట్స్ (ఒక రకం తెల్లకణాలు) చూడాలి, ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతారు, కన్సల్టేషన్‌కి నాలుగు రోజుల ముందే తీయించుకో. ఎంఆర్ఐ ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి ఫోటో తీసి పంపేది మానెయ్, సెంటర్ వాళ్ళిచ్చిన సీడీలో ఉన్నదంతా డ్రైవ్‌లో ఎక్కించి లింక్ పంపు, పాతది కూడా, పక్కపక్కన పెట్టి చూస్తేనే వాళ్ళకి అర్థమయ్యేది.

కొన్నిటికి వీడియో స్లాట్ కోసం కూర్చోవద్దు. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, 108. కంటి చూపు తగ్గినా, కన్ను కదిపితే నొప్పి వచ్చి రంగులు వెలిసిపోయినట్టు కనపడినా అదే రోజు పో. యూరిన్ అస్సలు రాకపోయినా, మింగలేక పొలమారుతున్నా, ఊపిరాడకపోయినా అంతే.

ఇంక చివరిది, ఇది మీ అమ్మకి చెప్పకు. మీ హాల్లో టీవీ ముందర మీ అత్తగారు కూర్చుని ఉంటే నువ్వు ఎట్లా చెప్తావే, యూరిన్ ఆపుకోలేకపోతున్నానని, రాత్రి మీ ఆయన దగ్గర ఏ ఇబ్బందో, మనసు ఎంత పాడైపోయిందో? బెడ్‌రూం తలుపేసుకో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, నడక చూపించాల్సింది అయిపోయాక మీ ఆయన్ని కూడా అయిదు నిమిషాలు బయట ఉండమను. ఇవన్నీ ఎంఎస్‌లో ఉండేవే, డాక్టర్ రోజూ వినేవే, మందులు కూడా ఉన్నాయి. నోటితో చెప్పలేకపోతే చాట్‌లో టైప్ చెయ్, నేను మొదట్లో అట్లే చేశా, ఎదురుగా ఉండి చెప్పలేనివి కూడా స్క్రీన్ అడ్డం ఉంటే చెప్పగలిగా, వీడియోలో నాకు నచ్చినది అదొక్కటే నిజానికి. పిల్లల గురించి ఆలోచన ఉంటే అది మందు మార్చేముందే చెప్పాలి, టెరిఫ్లునమైడ్ లాంటివి గర్భంలో బిడ్డకి చెడు చేస్తాయి. రాత్రిళ్ళు ఏడుపొస్తే 14416కి చెయ్, టెలి మానస్ అని ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

నీ తర్వాతి అపాయింట్‌మెంట్ గురువారం అంట గదా. బుధవారం సాయంత్రం నేనూ పెదనాన్నా హూడిలో మీ ఇంటికి వస్తాం. కొలిచే టేపు ఆయన తెస్తారు, స్టూల్ మీ దగ్గర ఉందో లేదో చెప్పు, లేకపోతే మాది కారులో పెట్టుకొస్తాం. నీ మొదటి నడక మనం ఆ రోజే తీసేద్దాం.

పెద్దమ్మ