ప్రెస్ కార్డు లేకుండా వీడియో పెడితే కేసవుతుందా?

ప్రశ్న: చిత్తూరులో మా వార్డు కాలువ పనులు నాసిరకంగా ఉన్నాయని వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాను. కాంట్రాక్టరు పరువు నష్టం అంటూ లాయరు నోటీసు పంపించాడు. ‘నువ్వేమన్నా విలేకరివా, కార్డుందా?’ అంటున్నాడు. వీడియో తీసేయాలా?

జవాబు: ముందు ఆ కార్డు గొడవ పక్కన పెట్టండి. అక్రిడిటేషన్ అనేది ప్రభుత్వం విలేకరులకు ఇచ్చే సౌకర్యం, మాట్లాడటానికి లైసెన్సు కాదు. రాజ్యాంగంలో వాక్ స్వాతంత్య్రం ఇచ్చే 19(1)(ఎ) పౌరులందరిదీ. పత్రికలకంటూ విడిగా ఏ ఆర్టికలూ లేదు, వాళ్లు రాసేదీ దాని కిందే. 19(2) పరిమితులు కూడా వాళ్లకూ మనకూ ఒకటే, పరువు నష్టం అందులో ఉంది. కాబట్టి మీరెవరన్నది కాదు, వీడియోలో ఏమన్నారన్నదే లెక్క.

తిరుపతిలో నాకూ ఇలాంటి నోటీసే వచ్చింది. మా వీధిలో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు ఒక్క వానాకాలానికే పెచ్చులూడిపోయింది. టేపు పెట్టి మందం కొలుస్తూ వీడియో తీశాను. ఎక్కడ కొలిచానో, ఎంతుందో చెప్పాను, అంతే. ‘లక్షలు మింగిన కాంట్రాక్టర్’ అని థంబ్‌నెయిల్ పెడితే వ్యూస్ వస్తాయని ఫ్రెండ్ ఒకడు పోరు పెట్టాడు. మింగాడో లేదో నా కెమెరాకు కనపడలేదు కదా, పెట్టలేదు. నోటీసు పట్టుకుని వెళ్తే లాయరు మొదట అడిగింది అదే: “తిన్నాడు, దొంగ, కమీషన్... ఇలాంటి మాట ఎక్కడైనా వాడావా?” లేదనేసరికి ఆయన ముఖం తేలికపడింది.

రోడ్డు పగిలిందనడం కంటికి కనిపించే విషయం. డబ్బు తిన్నాడనడం ఆరోపణ, దాన్ని రుజువు చేసే బరువు మన మీదే పడుతుంది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టానికి రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. లేకపోతే సమాజ సేవ. నిజం చెప్పానంటే ఒక్కటే చాలదు, అది ప్రజల మేలు కోసం చెప్పిందని కూడా చూపించాలి. వార్డు కాలువ విషయంలో అది పెద్ద కష్టం కాదు. ఇంకోటి, దీని మీద పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు. పరువు పోయిందనే మనిషే మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. మీకొచ్చింది ఇంకా నోటీసే, కేసు కాదు. నోటీసులో ఎక్కడైనా ఐటీ చట్టం 66ఏ అని రాసుంటే టెన్షన్ పడకండి, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. అయినా బెదిరించడానికి ఇంకా వాడేవాళ్లున్నారు!

నాకు నిజంగా అక్కరకొచ్చింది సమాచార హక్కు చట్టం. పది రూపాయల ఫీజు కట్టి ఆ రోడ్డు పని అంచనా, బిల్లు, ఎం బుక్ (జరిగిన పనిని కొలిచి ఇంజినీర్లు రాసే కొలతల పుస్తకం) నకళ్లు అడిగాను. జవాబుకు 30 రోజుల గడువు, రాకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు. ఎం బుక్‌లో రాసిన మందానికీ నా టేపు చూపించినదానికీ పొంతన లేదు. మా లాయరు ఆ నకలు జతచేసి జవాబు పంపారు. అవతలి నుంచి మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. మీరూ ఈ రోజే అర్జీ పెట్టేయండి.

ఒరిజినల్ ఫైలు ఫోన్‌లోనే ఉంచి, ఇంకో చోట కాపీ చేసుకోండి. వాట్సాప్‌లో తిరిగొచ్చిన వీడియో కోర్టులో బలంగా నిలబడదు. వీడియోను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఎడిట్ చేసింది తప్ప వేరేది లేదంటే ఇబ్బందే.

కాలువ దగ్గర ఆడుకునే పిల్లల ముఖాలుంటే బ్లర్ చేయండి. లైంగిక దాడి బాధితుల విషయమైతే పేరే కాదు, గుర్తుపట్టే ఏ వివరమూ బయట పెట్టకూడదు, అది విడిగా నేరం.

తీసిందానికంటే ఫార్వర్డ్ చేసిందానికి ఇరుక్కునేవాళ్లు ఎక్కువని నా అనుమానం. 2021 నవంబరు వరదలప్పుడు రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ వస్తే ఊళ్లు ఖాళీ చేయించారు. చెరువు తెగలేదు. మా గ్రూపులో మాత్రం తెగిపోయిందని మెసేజీలు తిరిగాయి, మా పెద్దమ్మ సామాన్లు మిద్దె మీదకు చేర్చేసింది కూడా. జనంలో భయం పుట్టించే అబద్ధపు వార్తకు ఇప్పుడు న్యాయ సంహితలో 353వ సెక్షన్ ఉంది, మూడేళ్ల వరకు శిక్ష. నిజమని నమ్మడానికి సరైన ఆధారం ఉండి, సదుద్దేశంతో పెట్టినవాళ్లకు అదే సెక్షన్లో మినహాయింపూ ఉంది.

ఇక మీ వీడియో. వెంటనే డిలీట్ కొట్టొద్దు. అందులో ‘తినేశాడు’ లాంటి మాట ఏదైనా ఉంటే ప్రైవేట్‌లో పెట్టి లాయరును అడగండి, లేకపోతే ఉండనివ్వండి. నోటీసుకు మాత్రం గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఫీజు భారమైతే చిత్తూరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు లాయరును ఉచితంగా పెడతారు. నోటీసు, కవరుతో సహా, తీసుకెళ్లండి. కవరు మీద ముద్రలో తేదీ ఉంటుంది.