తమ్ముడి పాత కారు ఇంగ్లాండ్ నుంచి మిర్యాలగూడకు తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. మాది మిర్యాలగూడ. మా తమ్ముడు ఇంగ్లాండ్‌ల లెస్టర్‌ల జాబ్ చేస్తున్నడు, ఈ ఎండాకాలం ఫ్యామిలీతోని మొత్తానికే వచ్చేస్తున్నడు. అక్కడ వాడుతున్న ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, 1.5 పెట్రోల్, వాడికి ఆ కారంటే పాణం, ఇంటికి తెచ్చుకుంటా అంటున్నడు. 23 ప్లేటు, రిజిస్ట్రేషన్ 2023 మార్చి, కాబట్టి మూడేళ్లు ఇంకా నిండలే. కంపెనీ కాయితంల తయారీ మాత్రం 2022 అక్టోబర్ అని ఉంది. హైదరాబాద్‌ల ఒక ఏజెంట్ ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ కింద ఇంటి సామాన్లతోనే ఒకే కంటైనర్‌ల పెట్టి చెన్నైల దించుతం, టాక్సులన్నీ కలిపి 6 లక్షలు దాటవు అన్నడు. ఇంగ్లాండ్‌తోని మనకు ఒప్పందం అయింది, కార్ల మీద 10 శాతమే అని గూడ చెప్పిండు. అడ్వాన్స్ 1,80,000 ఇచ్చినం, 1,20,000 ఫోన్‌పే, 60,000 చేతికి. వచ్చే నెల ఓడ ఎక్కిస్తరంట. ఇది సరైన పద్ధతేనా, కాకుంటే మా పైసలు మాకు వస్తయా?

జవాబు: ముందు ఇయ్యాలనే మీ తమ్ముడికి ఫోన్ చేసి కారు తాళాలు ఎవరికీ ఇయ్యొద్దని చెప్పండి. మిగతాది నెమ్మదిగ చదవండి, ఎందుకంటే ఏజెంట్ మీకు చెప్పిన ఒక్కొక్క ముచ్చటలో ఒక్కొక్క తప్పు ఉంది, అవన్నీ కలిసి రేపు కస్టమ్స్ నోటీస్ అయ్యేది మీ తమ్ముడి పేరు మీదనే, ఏజెంట్ పేరు మీద కాదు.

మొదటిది మూడేళ్ల సంగతి. మన దేశంలోకి వాడిన కారు తేవాలంటే అది తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటొద్దు. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, అమ్మిన తేదీ కాదు, ఫ్యాక్టరీలో తయారైన తేదీ. డీజీఎఫ్‌టీ, అంటే కేంద్రంలో విదేశీ వ్యాపారం చూసే శాఖ, వాళ్ల దిగుమతి పాలసీలో 87వ చాప్టర్ కింద ఈ షరతు స్పష్టంగ రాసి ఉంది. 23 ప్లేటు అంటే ఆ బండి 2023 మార్చి నుంచి ఆగస్టు మధ్యల అక్కడ రోడ్డెక్కింది అని చెప్తది, అంతే, ఎప్పుడు తయారైందో అది చెప్పదు. మీరు రాసినదాని ప్రకారం మీ కారు 2022 అక్టోబర్‌ది, అంటే 2025 అక్టోబర్‌తోనే గడువు అయిపోయింది. ఛాసిస్ నంబర్ కొడితే తయారీ నెల బయటపడుతది, దాచేటందుకు ఏం ఉండదు. ఈ ఒక్క కారణంతోనే మీ కారు రాదు, మిగతా షరతులు చూడాల్సిన పని కూడా లేదు.

అయినా మిగతావి చెప్తా, మీలాగ అడిగేటోళ్లు నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు దిక్కు శానామంది ఉన్నరు కాబట్టి. స్టీరింగ్ కుడి పక్కనే ఉండాలి. అందుకే అమెరికాలో, దుబాయ్, సౌదీలో వాడిన కార్లు మామూలుగ రావు, అక్కడ ఎడమ స్టీరింగ్. ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా, సింగపూర్ బండ్లకు ఆ అడ్డు లేదు. స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపియ్యాలి, ఇంగ్లాండ్ బండి మైళ్లలో చూపిస్తది, కొత్త డిజిటల్ మీటర్లలో మార్చుకోవచ్చు గని ఆ పని ముందే చూసుకోవాలి. ఓడ ఎక్కే ముందు తనిఖీ సర్టిఫికెట్ కావాలి, ఇక్కడ దిగినంక పుణె ఏఆర్ఏఐ లాంటి బండ్లు పరీక్షించే సంస్థలో టెస్టు కావాలి, ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరగగలదని, ఆ ఐదేళ్లు దానికి ఇక్కడ సర్వీస్ దొరుకుతదని హామీ చూపియ్యాలి. వాడిన కారు దిగేది ముంబై పోర్టులో మాత్రమే. చెన్నైల దించుతా అని చెప్పినోడికి ఈ పని తెల్వదన్నా అనుకోవాలి, లేదా తెలిసే చెప్పిండని అన్నా అనుకోవాలి, రెండిట్లో ఏదైనా మీకు నష్టమే.

ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ మాటకొస్తే, విదేశంలో ఏళ్లు ఉండి తిరిగొచ్చేటోళ్లకు ఇంటి సామాన్ల మీద టాక్సు మినహాయింపు నిజంగనే ఉంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు లాంటివి మీ తమ్ముడు ఆ లెక్కన తెచ్చుకోవచ్చు, తెచ్చుకోవాలె గూడ, అది ఆయన హక్కు. కారు మాత్రం అందులోకి రాదు. కస్టమ్స్ చట్టం 1962 సెక్షన్ 2(3)లో బ్యాగేజ్ అంటే ఏందో చెప్పిన చోటనే, మోటారు వాహనాలు దాంట్లో లేవు అని ఉంది. ఎన్నేళ్లు విదేశంలో ఉన్నా, ఆ కారు ఎన్నేళ్లు వాడుకున్నా ఈ మాట మారదు. ఇంటి సామాన్ల జాబితాలో కారు కలిపి చూపిస్తే అది తప్పుడు డిక్లరేషన్, సెక్షన్ 111 కింద సరుకు జప్తు, 112 కింద పెనాల్టీ, ఇక తెలిసి చేసిండ్రు అని తేలితే 135 కింద జైలు, మామూలుగ మూడేళ్ల దాకా, ఎగ్గొట్టిన పన్ను 50 లక్షలు దాటితే ఏడేళ్ల దాకా. పైగా ఒక్క కారు వల్ల అదే కంటైనర్లో ఉన్న పిల్లల బట్టలు, వంట గిన్నెలు కూడా వారాల తరబడి పోర్టులో ఇరుక్కుంటయి. సామాన్లు వేరే, కారు వేరే, ఈ రెండు ఎప్పుడూ కలపొద్దు.

ఇప్పుడు డబ్బు లెక్క. మీ కారు వయసు సరిపోయింది, ముంబైలోనే దిగింది, అన్ని కాయితాలు పక్కా ఉన్నయి అనుకుందాం. 2025 బడ్జెట్ తర్వాత వాడిన కార్ల మీద బేసిక్ డ్యూటీ 70 శాతం, దాని పైన అగ్రి సెస్సు 67.5 శాతం, రెండూ కలిపి 137.5. అంతకుముందు 125 డ్యూటీ, దాని మీద 12.5 సర్‌ఛార్జి, అప్పుడూ అదే 137.5, పేర్లు మారినయి గని మనం కట్టేది మారలేదు. ఈ శాతం కారు ధర మీదనే కాదు, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద. అదంతా కలిపి 20 లక్షలు అయిందనుకోండి, డ్యూటీ 27 లక్షల 50 వేలు, ఇప్పుడు లెక్క 47 లక్షల 50 వేలకు వచ్చింది. దీని మీద మళ్ల ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, మిగతా వాటికి 40. చిన్న పెట్రోల్ కారు అంటే ఇంజన్ 1200 సీసీ లోపు, పొడుగు 4 మీటర్ల లోపు, రెండూ ఉండాలి. గోల్ఫ్ రెండిట్లోనూ దాటుతది కాబట్టి 40 శాతం, అంటే ఇంకో 19 లక్షలు. మొత్తం 66 లక్షల 50 వేలు. 20 లక్షల కారుకు 46 లక్షల 50 వేల పన్ను. ఇంకా క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, పోర్టు అద్దె, పుణె టెస్టు, ముంబై నుంచి ట్రక్కు కిరాయి, ఇక్కడికొచ్చి టీజీ 05 నంబర్ ప్లేటు పెట్టుకునేటందుకు లైఫ్ టాక్సు, ఇవేవీ పై లెక్కలో లేవు. 6 లక్షలు అన్నది ఎట్ల వచ్చిందో ఏజెంట్‌ను కాయితం మీద రాసిమ్మని అడగండి, రాసియ్యడు.

ధర తక్కువ చూపిస్తం అని కొందరు చెప్తరు, అది కూడా నమ్మొద్దు. బిల్లు ధర నమ్మేటట్టు లేదనిపిస్తే కస్టమ్స్ వాళ్లు ఆ మోడల్ కొత్తది ఉన్నప్పటి ధర తీసుకుని, వాడిన కాలానికి తరుగు తీసేసి వాళ్లే విలువ కడతరు. ఓడ కిరాయి ఎంతో చెప్పలేకపోతే కారు ధరలో 20 శాతం కిరాయి కింద వాళ్లే కలుపుకుంటరు.

ఇంగ్లాండ్ ఒప్పందం మాట నిజమే, 2025 జులై 24న సంతకాలు అయినయి, కార్ల మీద సుంకం 10 శాతానికి దిగే ఏర్పాటు అందులో ఉంది. కాకుంటే అది ఏడాదికి ఇన్ని కార్లు అనే కోటాతో ముడిపడి ఉంది, ఆ కారు ఇంగ్లాండ్‌లో తయారైనదని రుజువు కూడా కావాలి. గోల్ఫ్ తయారయ్యేది జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో. లెస్టర్‌లో కొన్నంత మాత్రాన అది ఇంగ్లాండ్ కారు అయిపోదు.

మీరు అడగని ఒక సంగతి నాకు ఎక్కువ గుబులుగ ఉంది. ఆ కారు మీ తమ్ముడు ఫుల్ పేమెంట్ చేసి కొన్నడా, లేకుంటే పీసీపీ మీద తీసుకున్నడా? అక్కడ శానామంది నెలనెల కట్టుకుంట పీసీపీలోనే తీసుకుంటరు, ఆఖరి పెద్ద కిస్తీ కట్టేదాకా బండి ఫైనాన్స్ కంపెనీదే. వీ5సీ అనే లాగ్‌బుక్ మీద మీ తమ్ముడి పేరు ఉన్నా సరే, అది యజమాని అని రుజువు కాదు, ఆ మాట ఆ పుస్తకం మీదనే అచ్చేసి ఉంటది, రిజిస్టర్డ్ కీపర్ అంటే బండి బాధ్యత చూసేటోడు అని మాత్రమే. ఫైనాన్స్ తీరకముందు బండిని దేశం దాటిస్తే అక్కడ ఆయన మీద కేసు అయితది, మళ్ల వీసా అడిగే రోజు వస్తే అది అడ్డం పడుతది. కాబట్టి ముందు ఫైనాన్స్ కంపెనీ నుంచి సెటిల్‌మెంట్ లెటర్ తెప్పించుకోమనండి.

నా సలహా అడిగితే, కారు అక్కడనే అమ్మేయండి. సొంతానికి వాడుకున్న కారు అమ్మితే అక్కడ క్యాపిటల్ గెయిన్స్ టాక్సు ఉండదు. అమ్మినట్టు డీవీఎల్‌ఏకు, అంటే అక్కడి బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలియజేస్తే మిగిలిన నెలల రోడ్ టాక్సు కూడా వాపస్ ఇస్తరు. ఆ పైసలు బ్యాంకు ద్వారనే ఇక్కడికి పంపమనండి. తమ్ముడు అన్నకు ఇచ్చిన డబ్బు మీద మన దగ్గర ఇన్‌కమ్ టాక్సు లేదు, కాకపోతే చేతి మార్పిడి, హవాలా దిక్కు పోవద్దు. ఆ కారంటే వాడికి పాణం అని రాసిండ్రు, అది నాకు అర్థమైతది, పరాయి దేశంలో మొదటిసారి సొంతంగ కొనుక్కున్న బండి ఊరికే మర్చిపోయేది కాదు. కాకపోతే దానికోసం జప్తు కేసులో ఇరుక్కునేది ఆయన, తిరిగేది మీరు.

ఇంకో దారి ఉంది అని ఎవరన్నా కార్నే పేరు చెప్పొచ్చు. అది విదేశంలో ఉండేటోళ్లు టూరిస్టులుగ వచ్చినప్పుడు బండి కొన్ని నెలలు తెచ్చుకుని మళ్ల తీసుకపోయే కాయితం, ఇక్కడ అమ్మొద్దు, ఇక్కడనే ఉంచొద్దు. మొత్తానికే వచ్చేస్తున్న మీ తమ్ముడికి అది పనికిరాదు. అట్లనే ఎవరన్నా ఇప్పటికే ఇండియాలో తిరుగుతున్న ఫారిన్ కారు చౌకగ ఇస్త అంటే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి చేసినట్టు చూపే కాయితం, చూడకుండ కొనొద్దు. 2025 సెప్టెంబర్‌లో కేరళలో ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో కస్టమ్స్ వాళ్లు భూటాన్ దారిన వచ్చిన పాత కార్ల కోసం సోదాలు చేసి బండ్లు పట్టుకున్నరు, అట్లాంటప్పుడు బండి పోయేది ఆఖరికి ఎవరి వాకిట్ల ఉంటే వాళ్లదే.

కారు ఇప్పటికే పోర్టుకు వచ్చి ఆగిపోయినోళ్ల కోసం రెండు మాటలు. 30 రోజుల్లో క్లియర్ చేసుకోకపోతే సెక్షన్ 48 కింద దాన్ని అమ్మేసే అధికారం ఉంది, ఈలోపు అద్దె రోజురోజు పెరుగుతనే ఉంటది. పన్ను కట్టలేము అనుకుంటే సెక్షన్ 23(2) కింద సరుకు మీద హక్కు వదులుకుంటున్నం అని రాసిస్తే డ్యూటీ భారం తప్పుతది, అయితే క్లియరెన్స్ ఆర్డర్ రాకముందే రాసియ్యాలి, నేరం జరిగినట్టు కనపడితే ఈ వెసులుబాటు ఉండదు. జప్తు ఆర్డర్ చేతికొస్తే 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి పోవాలి, వివాదంలో ఉన్న మొత్తంలో 7.5 శాతం ముందు కట్టాలి.

ఇక మీ 1,80,000. ఫోన్‌పే స్టేట్‌మెంట్, ఏజెంట్‌తో వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్లు, రేటు కార్డు, విజిటింగ్ కార్డు అన్నీ భద్రంగ దాచిపెట్టండి, ఫోన్ మార్చకండి. చేతికి ఇచ్చిన 60,000కు రసీదు లేకపోతే ఇప్పుడే వాట్సాప్‌లో మామూలుగ అడగండి, మొత్తం 1,80,000 ముట్టింది కదా అన్నా అని, అవును అని ఆయన జవాబు ఇస్తే అదే మీకు సాక్ష్యం. ఆ తర్వాత ఒక వకీలు చేత నోటీసు స్పీడ్ పోస్ట్‌లో పంపండి, అందులో మూడేళ్ల షరతు, ముంబై పోర్టు షరతు, సెక్షన్ 2(3) మూడూ రాయించి, చట్టం ఒప్పుకోని పనికి సర్వీస్ ఇస్తానని డబ్బు తీసుకున్నరు, 15 రోజుల్లో వాపస్ ఇయ్యండి అని. కస్టమ్స్ బ్రోకర్ లైసెన్స్ నంబర్ ఎంత అని కూడా అదే నోటీసులో అడగండి, పోర్టులో సరుకు విడిపించే పనికి 2018 రెగ్యులేషన్స్ కింద లైసెన్స్ ఉండాలి. శానాసార్లు ఈ నోటీసుకే సగం దారికి వస్తరు.

రాకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఏజెంట్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది కదా అని అక్కడికి పోనక్కర్లేదు, 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోట వేసుకోవచ్చు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వేసే ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా నష్టం లేదు. పోలీస్ స్టేషన్‌కు పోతే ఇది సివిల్ ముచ్చట అని తిప్పి పంపొచ్చు, అందుకే ఫిర్యాదులో మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, చెన్నై అనడం, 6 లక్షలు అనడం, తయారీ తేదీ కాయితం చూసి కూడా అది లెక్కలోకి రాదన్నట్టు ఊరుకోవడం, ఇవన్నీ మోసం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318కు పనికొచ్చేటివే. కమిషన్‌కు పోయేందుకు రెండేళ్ల గడువు ఉంది, అయినా ఏజెంట్ ఆఫీసు బోర్డు ఉన్నప్పుడే నోటీసు పోతే మంచిది, వచ్చే నెల ఓడ తేదీ కంటే ముందే పంపండి, ఆ నోటీసు కాపీ ఒకటి మీ తమ్ముడు లెస్టర్‌లో ఉన్న షిప్పింగ్ వాళ్లకు కూడా మెయిల్ చేసి బుకింగ్ క్యాన్సిల్ చేసినట్టు రాతపూర్వకంగ తీసుకోవాలి.