ఇంజన్ స్టార్ట్ చేసే ముందే తేల్చుకో

తమ్ముడూ, పైలట్ శిక్షణ గురించి "ముప్పై గంటలు ఎగిరానన్నా, ఇంకా సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) పంపలేదు, నాన్న పంపిన డబ్బు అయిపోతోంది" అని రాశావు. గంటలు లెక్కపెట్టావు గానీ, ఏ గంటలో ఏం పట్టుబడిందో ఒక్క ముక్క రాయలేదు. డబ్బు కారిపోతున్నది అక్కడే.

అమెరికాలో ఫీనిక్స్ పక్కన విమానం నడపడం నేర్చుకునే రోజుల్లో నాదీ ఇదే వరస. ఇన్‌స్ట్రక్టర్ "ఈరోజు ఏం చేద్దాం?" అని అడిగితే "మీ ఇష్టం సార్" అనేవాణ్ణి. గురువుకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం కదా. ఆయన కాసేపు స్టీప్ టర్న్స్ (బాగా వంచి తిప్పడం), కాసేపు స్టాల్స్ (రెక్కలు ఎత్తే శక్తి కోల్పోతే మళ్లీ కుదుటపరచడం), చివర్లో రెండు ల్యాండింగులు చేయించేవారు. ఏదీ పూర్తిగా రాలేదు. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో గంటలు లెక్కపెట్టే హాబ్స్ మీటర్ ఉంటుంది చూడు, ఇంజన్ నడుస్తున్నంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది. నేల మీద ఆగి చెక్‌లిస్టులో తడుముకుంటున్నా బిల్లే. పైగా స్లాట్ సులువుగా దొరుకుతుందని వేసవి మధ్యాహ్నాలు బుక్ చేసేవాణ్ణి. 40 డిగ్రీలు దాటిన ఎండకి గాలి కుదిపేస్తుంటే ఎత్తు నిలబెట్టడం ఏం నేర్చుకుంటాం? ఇంతలో ఇన్‌స్ట్రక్టర్ మారారు. నాకు ఏది వచ్చో, ఏది రాదో నేనే చెప్పలేకపోయాను. మళ్లీ మొదటి నుంచి! ఊళ్లో నాన్న పొలం మీద తెచ్చిన అప్పుకి రెండు రూపాయల వడ్డీ.

ఆ తర్వాతే ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) వాళ్ల ఏసీఎస్ తెరిచాను, అంటే పైలట్ పరీక్షలో ఏది ఎంత కచ్చితంగా చేయాలో చెప్పే పుస్తకం. ఉచితంగానే దొరుకుతుంది. మీ బ్యాచ్ పిల్లలు వీడియోలు చూసినంత శ్రద్ధగా దాన్ని చదవరు. "స్టీప్ టర్న్ నేర్చుకోవాలి" అనుకుంటే చాలదు. "45 డిగ్రీల వంపులో తిరుగుతూ ఎత్తు 100 అడుగులు, వేగం 10 నాట్లకు మించి తేడా రాకూడదు, మొదలుపెట్టిన దిశకి 10 డిగ్రీల లోపే బయటికి రావాలి" అని రాసుకో. ముందు రాత్రే ఇన్‌స్ట్రక్టర్‌కి మెసేజ్ పెట్టు. ఫ్లైటుకి అలాంటివి ఒకటో రెండో చాలు. దిగాక అంకెలతో సహా నోట్సు రాయి. చెక్‌లిస్టు, రేడియో మాటలు గదిలో కుర్చీలో కూర్చుని వల్లె వెయ్యి, దానికి మీటర్ తిరగదు. ఆ అప్పంతా నేను ఇలాగే కుదురుకుని తీర్చగలిగాను.

వీసా, అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ క్లియరెన్సు, ఇండియా కమర్షియల్ లైసెన్సుకి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే 200 గంటలు, ఇవన్నీ వాళ్ల సైట్లలో చూసుకో. ప్రైవేట్ లైసెన్సుకి 40 గంటలన్నది కనీసమే, చాలామందికి అంతకంటే ఎక్కువ పడుతుంది. బడ్జెట్ ఆ లెక్కన వేసి నాన్నకి ఇప్పుడే నిజం చెప్పు. స్కూలుకి మాత్రం మొత్తం ఒకేసారి కట్టకు, విడతలుగా కట్టు.

తర్వాతి ఫ్లైటుకి ఏం రాసుకున్నావో నాకు పంపు, చూసి చెబుతాను.